కళ్ళజోడు ఇన్‌స్టాల్ కాలేదు

జైలు, మూడో బ్యారక్, కిటికీ పక్క మూల
జూన్ 4

మరదలికి,

మీ బావ రాసేది. ముందుగా ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు విప్పి చదువుతున్న జైలు గుమస్తా గారికి నమస్కారాలు. అయ్యా, ఇందులో సొరంగాల ప్లానేమీ లేదు. మా మరదలి చేత తిట్లు తినే ప్రయత్నం మాత్రమే ఉంది. తమరు టీ తాగుతూ నిదానంగా చదువుకోండి. కాగితం మీద మరక పడితే అది తమరిదేనని ఆమెకి ముందే చెబుతున్నాను.

నేను బాగున్నాను. ఒక పన్ను తక్కువ, అంతే. వచ్చిన రెండో రోజు నా దుప్పటి లాక్కోబోయిన ఒకణ్ణి "నీ మొహానికి దుప్పటెందుకురా, గోనెసంచి చాలు" అన్నాను. నా నోరు నీకు తెలుసుగా. ముగ్గురు కలిసి నన్ను నీళ్ళ తొట్టి గట్టుకేసి కొట్టారు. పన్ను ఊడి తొట్టిలో పడింది. నేను దాన్ని వెతుక్కుంటుంటే వెనక నుంచి ఎవరో వచ్చి ఆ దుప్పటిగాడి మెడ పట్టుకుని అదే తొట్టిలో ముంచారు. బుడగలు ఆగేదాకా ఉంచి, పైకి తీసి, గాలి పీల్చుకోనిచ్చి, మళ్ళీ ముంచారు. ఎవరనుకున్నావు? మన ప్రెస్సు షాపు ఈలోడి సొంత అన్న! సమ్మెట అని పిలుస్తారే, ఇనుము పని చేసేవాడు, రెండేళ్ళ కిందట ఎవరిదో మోకాలు సుత్తితో నుజ్జు చేసి లోపలికొచ్చాడే, ఆయనే. "నా తమ్ముడి కోసం మేనేజరు దవడ పగలగొట్టింది నువ్వేనా?" అన్నాడు. నేనే అన్నాను. ఆ రోజు నుంచి నా కంచం వైపు కన్నెత్తి చూసినవాడు లేడు.

సమ్మెటన్నకి చదువు రాదు. నీ ఉత్తరం వస్తే నేను పైకి చదవాలి, ఆయన వినాలి. తమ్ముడి కబుర్లు ఆయనకి అలాగే చేరాలి. కాబట్టి నన్ను తిట్టేటప్పుడు కాస్త చూసి తిట్టు, నా పరువు నీ చేతిలో ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మే 11న నువ్వు సెలవులో ఉన్నావు. తలో నోరు తలో కథ చెప్పి ఉంటుంది. నేను చూసింది చెబుతాను. బీరువా తలుపులు నొక్కే పెద్ద ప్రెస్సు. ఈలోడు రేకు సర్ది, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేస్తాడు, నేను పెడలు తొక్కుతాను. పదిహేనేళ్ళుగా అదే తంతు. ఆ రోజు ఈల వేశాడు, నేను తొక్కాను, రేకు మూల కొంచెం లేచినట్టుందని వాడు రెండు చేతులూ మళ్ళీ లోపల పెట్టాడు. పెడితే ఏం? ముందు ఆ వెలుగు తెర ఉందిగా. చెయ్యి ఆ వెలుతురుకి అడ్డం వస్తే ప్రెస్సు గాల్లోనే ఆగిపోవాలి. వెయ్యిసార్లు ఆగింది. ఆ రోజు ఆగలేదు. శబ్దం కూడా రోజూ వచ్చే శబ్దమే వచ్చింది మరదలా, రేకు నొక్కితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే. అదే నాకు చెవుల్లోంచి పోవడం లేదు. మనిషి నలిగితే వేరే రకంగా వినిపించాలి కదా?

మేనేజరు పరుగున వచ్చాడు. ఈలోడు కింద పడి ఉన్నాడు, నెత్తురు నా బూట్ల కిందికి పాకింది. ఆయన వాణ్ణి దాటుకుని వెళ్ళి, "అచ్చు దెబ్బతిన్నదా చూడండి" అన్నాడు. తర్వాత అందరి వైపూ తిరిగి, "తాగొచ్చి చెయ్యి పెట్టాడు, రాసుకోండి" అన్నాడు. నా చేతిలో ఇరవై నాలుగో నంబరు స్పానరుంది. ఒకటే దెబ్బ. దవడ ఎండు కొమ్మ విరిగినట్టు విరిగింది. రెండోది కూడా వేసేవాణ్ణే, నలుగురు పట్టుకున్నారు.

తెర ఎందుకు ఆగమనలేదో నాకు తెలుసు. దాన్ని నడిపేది కంప్యూటర్లో ఉన్న ఆ 'కవచం' అనే ప్యాకేజీ. మన సేఫ్టీ ఇంజనీరు కళ్ళజోడు రోజూ పొద్దున్నే వచ్చి కంప్యూటర్ని దాని వెర్షన్ అడిగి రిజిస్టర్లో రాసి సంతకం పెడతాడు కదా. నిన్నటి వెర్షనే ఉంటే సంతకం, మారితే కర్ర పరీక్ష. కర్ర పెట్టి తెర ఆపుతుందో లేదో చూశాకే షిఫ్టు. తెర ఊరికే ఆగిపోతోంది, తలుపుల లెక్క తగ్గుతోందని మేనేజరు నెల రోజులు గోల పెట్టాడు. ఆయనే దొంగచాటుగా ఏదో మార్చి ఉంటాడు. నువ్వు వెళ్ళి ఏ వెర్షనుందో అడుగు. జులై 20న ప్రమాదం మీద విచారణ. 'తాగి చెయ్యి పెట్టాడు' అన్నదే నిలబడితే ఈలోడికి చేతులూ లేవు, దిక్కూ లేదు.

మీ అక్కతో నేను ఇక్కడ రాజాలా ఉన్నానని చెప్పు.

బావ


ప్రెస్ షాపు పక్కన, కంప్యూటర్ గది
జూన్ 12

బావకు,

గుమస్తా గారి టీ మరక అందింది. ఆయన చక్కెర కాస్త తగ్గించుకుంటే మంచిది, కాగితానికి చీమలు పట్టాయి.

అక్క నీ పేరెత్తడం లేదు. నీ కంచం మాత్రం రోజూ కడిగి బోర్లిస్తోంది. రాజాలా ఉన్నావని చెప్పాను. "రాజులకి పళ్ళుంటాయి" అంది. నీ ఉత్తరం నేను దాచినా వెతికి చదివేసిందన్నమాట.

సమ్మెటన్నా, మీ తమ్ముడి సంగతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కుడి చెయ్యి మణికట్టు దగ్గర తీసేశారు. ఎడమ చేతికి బొటనవేలూ చిటికెన వేలూ మిగిలాయి. ప్రాణానికి భయం లేదు. మాట్లాడటం మాత్రం లేదు. నర్సు అన్నం పెట్టబోతే తల అటు తిప్పుకుంటున్నాడు.

బావా, ఇక నీ పని. ఆ కంప్యూటరుకి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు తాళం వేసి సీలు పెట్టాడు. నేను అర్జీ పెట్టుకుంటే నిన్న సీలు విప్పి, తన ఎదురుగానే నన్ను కూర్చోబెట్టాడు. చుట్టూ పది మంది. మేనేజరు కూడా వచ్చాడు, దవడకి తీగలు కట్టి ఉన్నాయి, గొట్టంతో పళ్ళరసం పీలుస్తున్నాడు. కళ్ళజోడు రోజూ వెర్షన్ అడిగే మాటే, rpm -q kavacham అని కొట్టాను. ఒకే ఒక్క ముక్క వచ్చింది: kavacham-2.4. ఇన్‌స్పెక్టరు రిజిస్టరు తెప్పించాడు. ఏప్రిల్లో 2.4. మేలో రోజూ 2.4. ప్రమాదం జరిగిన పొద్దున 2.4, కింద కళ్ళజోడు సంతకం. ఏమీ మారలేదు.

మేనేజరు ఆ తీగల మధ్య నుంచే నవ్వాడు బావా. పళ్ళరసం గడ్డం మీద కారింది.

నాకు ఒక్కటే భయంగా ఉంది. నువ్వు ఏ తప్పూ లేని మనిషి దవడ పగలగొట్టావా?

మరదలు


జైలు, మూడో బ్యారక్
జూన్ 20

మరదలికి,

నీ ఉత్తరం సమ్మెటన్నకి చదివాను. తమ్ముడి చేతుల సంగతి విని లేచి వెళ్ళి వర్క్‌షాపు గోడని పిడికిలితో గుద్దాడు. పెచ్చులూడాయి, గోడవీ, పిడికిలివీ. 2.4 సంగతి చదవలేదు, "ఇంకా చూస్తున్నారట" అని దాటేశాను.

నిన్న కొత్తగా వచ్చినవాడొకడు నన్ను చూసి "ముసలి కోతి" అన్నాడు. నిజానికి నేను నవ్వాను, నాకది నచ్చింది. సమ్మెటన్న నవ్వలేదు. వాడి ముక్కు ఎముక లోపలికి పోయేలా కొట్టాడు. నేను వద్దంటున్నా ఆపలేదు. "నా తమ్ముడి కోసం జైలుకొచ్చిన మనిషివి నువ్వు. నిన్నెవడైనా మాటంటే నన్నన్నట్టే" అన్నాడు. పని లేనప్పుడు నా కాళ్ళు కూడా పడతానంటున్నాడు. నాకు సిగ్గేసింది. నాకు సిగ్గెయ్యడం నువ్వెప్పుడైనా చూశావా?

ఒక్క పని చెయ్యి. ఇంకోసారి సీలు విప్పించు. అదే మాట కొట్టు, కానీ rpm ముందు వెనక్కి వాలిన గీత ఒకటి పెట్టు. ఇలాగ: \rpm -q kavacham. తర్వాత \rpm -q --last kavacham అని కూడా కొట్టు, అది ఎప్పుడు ఎక్కించారో తేదీ చెబుతుంది. ఆ రెండోది నువ్వే ఒకసారి క్యాంటీన్లో చెప్పావు.

ఎందుకని అడక్కు. గీత మర్చిపోకు.

బావ


కంప్యూటర్ గది
జూన్ 29

బావా,

గీత పెట్టాను. 3.0!

ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తేదీ అడిగాను: ఏప్రిల్ 30, ఆదివారం, మధ్యాహ్నం మూడు పది. ప్రమాదానికి పదకొండు రోజుల ముందు. గేటు పుస్తకం తీస్తే ఆ ఆదివారం లోపలికి వచ్చింది మేనేజరు కారొక్కటే. ఈ 3.0 ఎక్కించాక తెరని మన చేత్తో మళ్ళీ ఆన్ చెయ్యాలట. ఆయన చెయ్యలేదు. లెక్క పెరిగింది కదా అని నోరు మూసుకుని కూర్చున్నాడు. మేనేజరు మొహం తెల్లబడింది. తీగలు లేకపోతే ఆ దవడ దానంతటదే జారిపోయేది.

ఈ కబురు ఇక్కడే ఆపేస్తే బాగుండేది.

సాయంత్రానికి షాపంతా పాకింది. అందరి నోటా ఒకటే ప్రశ్న: పదకొండు రోజులుగా లోపల 3.0 ఉంటే, కళ్ళజోడు రోజూ 2.4 అని ఎలా రాశాడు? చూడకుండా రాశాడన్నమాట. లేదా మేనేజరుతో కుమ్మక్కై రాశాడన్నమాట. షిఫ్టు వదిలే వేళకి గేటు దగ్గర పట్టుకున్నారు. ఆయన రిజిస్టరు గుండెకి హత్తుకుని "రోజూ చూశానండీ, నా కళ్ళతో చూశాను" అని ఏడుస్తున్నాడు. "ఏ కళ్ళురా?" అని ఎవడో మొహం మీద బూటుతో తన్నాడు. అద్దం పగిలి ఎడమ కంట్లోకి దిగింది. నేను మధ్యలోకి వెళ్ళాను బావా. నన్ను పక్కకి తోసేశారు. మన వాళ్ళే, నాతో కలిసి టీ తాగేవాళ్ళే. ఆయన పక్కటెముకల మీద తొక్కుతుంటే వినిపించింది. కన్ను పోయిందని ఇవాళ డాక్టరు చెప్పాడు.

అంతా అయ్యాక మేనేజరు లాయరు ఒక మాటన్నాడు. "ఈ యంత్రం రెండు నోళ్ళతో మాట్లాడుతోంది. గీత లేకుండా అడిగితే 2.4, గీత పెడితే 3.0. ఎవరో దీన్ని కెలికారు. ఏది నిజమో, కెలికినవాడెవడో తేలేదాకా ఇది సాక్ష్యమే కాదు." ఇన్‌స్పెక్టరు తలూపాడు.

ఆ గీత సంగతి నీకెలా తెలుసు బావా?

మరదలు


జైలు
జులై 5

మరదలికి,

కన్ను నిజంగానే పోయిందా? డాక్టర్లు ఒక్కోసారి ముందు పోయిందంటారు, తర్వాత వస్తుందంటారు. ఇంకో డాక్టరుకి చూపించమను.

గీత సంగతి ఎవరో చెప్పగా విన్నాను. ఎవరో గుర్తులేదు. క్యాంటీన్లో ఎన్నో వింటాం. నీకు తెలుసుగా, టైమాఫీసు కుర్చీకి బంక పూసింది నేనే, గేటు గంటకి గుడ్డ చుట్టింది నేనే, స్టోరు తాళంలో చూయింగ్ గమ్ పెట్టింది నేనే. చేసిన వెధవ పనులన్నీ నాకే గుర్తుండవు, విన్నవేం గుర్తుంటాయి.

ఇక్కడ వంటవాడు పప్పులో బొద్దింక వేశాడు. "దీనికి వేరే కంచం ఇవ్వండి" అన్నాను. అందరూ నవ్వారు.

కళ్ళజోడుకి ఇంట్లో ఎవరున్నారు? చూసుకునేవాళ్ళు ఉన్నారా? కన్ను నిజంగానే పోయిందా?

బావ


కంప్యూటర్ గది
జులై 9

బావ అనబడే మనిషికి,

నీ బొద్దింక జోకు చదివి నవ్వలేదు. కన్ను పోయిందా అని రెండుసార్లు అడిగావు, అప్పుడే అర్థమైంది.

నిన్న సీలు విప్పించి type rpm అని కొట్టాను. ఒక పేరు వెనక అసలు ఏముందో చెప్పే మాట అది. ఇక్కడ rpm అంటే అసలు rpm కాదు, navvu.sh అనే ఫైలుకి మారుపేరు అని వచ్చింది. నవ్వు! గీత పెడితే ఆ మారుపేరుని దాటి అసలు rpm పలుకుతుంది, అందుకే నీ గీత. ఆ ఫైలు తెరిచాను. నీ రాతే. నాలుగు లైన్లు. ఇవాళ తేదీ మే 15 అయితే 'ప్యాకేజీ కళ్ళజోడు ఇన్‌స్టాల్ కాలేదు' అని చూపించు. కాకపోతే 'kavacham-2.4' అని చూపించు.

మే 15 భద్రతా వారం మొదటి రోజు. పెద్ద పెద్ద వాళ్ళంతా వస్తారు, కళ్ళజోడు వాళ్ళ ముందు దర్జాగా వెర్షన్ అడుగుతాడు, కంప్యూటర్ తెర మీద ఆ మాట పడుతుంది, నువ్వు వెనకాల నిలబడి కడుపు పట్టుకుంటావు. అంతేనా? నాలుగు రోజులు ముందే ఈలోడి చేతులు పోయాయి.

ఆయన చూడకుండా రాయలేదు బావా. రోజూ చూశాడు. నువ్వు రాసిపెట్టింది చూశాడు. 3.0 కనిపించి ఉంటే కర్ర పరీక్ష చేసేవాడు, కర్ర విరిగేది, చేతులు కాదు. వెర్షన్ మార్చి దాచింది మేనేజరు. అది బయటపడకుండా కాపలా కాసింది నువ్వు. నీ జోకు ఒక కన్ను కూడా తిన్నది.

మారుపేరు పెట్టడం నీకు నేర్పింది నేనే. క్యాంటీన్లో, చేతి రుమాలు మీద రాసి చూపించాను. అది నేను ఇన్‌స్పెక్టరుకి రాసిచ్చేశాను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు.

ఇప్పుడు విను. ఆ ఫైలు ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టారో పెట్టినవాడే వాంగ్మూలం ఇస్తే, గీత లేని జవాబు అబద్ధమని తేలిపోతుంది, 3.0 నిలబడుతుంది. ఇవ్వకపోతే లాయరు మాటే నిలుస్తుంది, ఈలోడు తాగుబోతుగా మిగులుతాడు. 20వ తేదీ లోపల నీ సంతకం కావాలి. జైల్లో ఇచ్చిన మాట జైల్లో దాగదు, సమ్మెటన్నకి తెలుస్తుంది. తెలిస్తే ఆయన ఏం చేస్తాడో ఊహించుకోలేక కాదు. ఊహించుకునే అడుగుతున్నాను.

ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపిస్తావో, మానేస్తావో నీ ఇష్టం. అక్క ఇవాళ నీ కంచం కడగలేదు.

మరదలు


జైలు ఆసుపత్రి, తలుపు పక్క మంచం
జులై 16

మరదలికి,

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వకు. ఎడమ చేత్తో రాస్తున్నాను. నాలుగు రోజులు పట్టింది ఈ ఉత్తరానికి.

ముందు ఒక మాట నమ్ము. నిజంగానే మర్చిపోయాను. నువ్వు 2.4 వచ్చిందని రాసినప్పుడే గుర్తొచ్చింది. కళ్ళజోడు ఒకసారి అందరి ముందూ "నీలాంటి వాళ్ళకి పెడలే ఎక్కువ, కీబోర్డు ముట్టుకోకు" అన్నాడు. అప్పుడే అనుకున్నాను. అందరిదీ ఒకే లాగిన్, పాస్‌వర్డ్ మానిటర్ కింద చీటీ మీదే ఉంటుంది. ఏప్రిల్ ఇరవయ్యో ఎప్పుడో భోజనాల వేళ కూర్చున్నాను. మే 15 దాకా కళ్ళజోడుకి అనుమానం రాకూడదు కదా, మిగతా రోజుల్లో నిజం చెప్పించాలి. గీత పెడితే అసలు rpm పలుకుతుందని తెలుసు గానీ, ఫైలు లోపల నుంచి దాన్ని పిలవడం నాకు రాలేదు, నీ క్లాసు అంతదాకా వినలేదు. ఆ రోజుకి నిజం 2.4. అదే రాసేశాను. నిజాన్ని ఒకసారి రాసిపెడితే చాలనుకున్నాను, అది మారుతుందనుకోలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు సమ్మెటన్న వర్క్‌షాపులో ఉన్నాడు. నిప్పు కణకణలాడుతోంది. "చదువు" అన్నాడు. నేను విప్పి మొదలుపెట్టాను: "సమ్మెటన్నకు నమస్కారం, మీ తమ్ముడు కోలుకుంటున్నాడు, ఇవాళ రెండు ముద్దలు తిన్నాడు..." నోటికొచ్చింది అల్లేస్తున్నాను. అదెంత పని నాకు. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. "ఏం కూర తిన్నాడు?" అని అడిగాడు.

అక్కడ ఆగిపోయాను. కళ్ళజోడు రోజూ పొద్దున్నే అడిగితే నా ఫైలు కూడా ఇలాగే చెప్పింది కదా అనిపించింది. మనిషి నమ్మకంగా అడుగుతాడు, ఎదురుగా ఉన్నది నున్నగా అబద్ధం చెబుతుంది.

"అన్నా, ఇది కాదు అందులో ఉన్నది" అన్నాను. 'బావ అనబడే మనిషికి' దగ్గర నుంచి మొదలుపెట్టి 'అక్క కంచం కడగలేదు' దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివాను.

"మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను. "వాడు కర్ర పెట్టి చూసేవాడా?" అన్నాడు. చూసేవాడన్నాను. "కర్ర విరిగేది?" విరిగేదన్నాను.

"నీ కోసం నేను ఆ కుర్రవెధవ ముక్కు పగలగొట్టాను" అన్నాడు. ఏడుస్తున్నాడు మరదలా. అంత మనిషి.

తర్వాత నా కుడి చెయ్యి పట్టుకున్నాడు. నేను లాక్కోలేదు. లాక్కున్నా వచ్చేది కాదనుకో, కానీ లాక్కోలేదు. ఇనప దిమ్మ మీద పెట్టాడు. దిమ్మ చల్లగా ఉంది, అది మాత్రం గుర్తుంది. "నా తమ్ముడు ఏ వేళ్ళతో ఈల వేసేవాడు?" అన్నాడు. చూపుడు వేలూ మధ్య వేలూ చాపాను. మిగతావి మడిచి లోపల పెట్టుకోమన్నాడు. చిన్న సుత్తి తీసుకున్నాడు, పెద్దది తీసుకోలేదు. ఒక్కో వేలుకి ఒక్కో దెబ్బ, మొదలు దగ్గర. మొదటి దానికి ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. రెండోదానికి నేను అరుస్తున్నానని నాకే తెలీదు, వార్డర్లు పరిగెత్తుకొచ్చాక తెలిసింది. వాళ్ళు లాఠీలతో ఆయన వీపు చీరేశారు. ఆయన చెయ్యెత్తలేదు. తన చొక్కా చింపి నా వేళ్ళకి కట్టు కడుతూనే ఉన్నాడు, కట్టు పూర్తయ్యేదాకా దెబ్బలు తింటూనే ఉన్నాడు.

ఎవరు కొట్టారని సూపరింటెండెంటు అడిగాడు. నేనే సుత్తి జారవిడుచుకున్నానన్నాను. రెండుసార్లా అన్నాడు. నాకు పని సరిగ్గా రాదండీ అన్నాను. నమ్మలేదు, రాసుకున్నాడు. ఆ ఒక్క అబద్ధం మాత్రం క్షమించు.

వాంగ్మూలం నిన్న ఇచ్చాను. తేదీ, ఫైలు పేరు, నాలుగు లైన్లు, ఎందుకు పెట్టానో, అన్నీ. సంతకం రాలేదు, ఎడమ బొటనవేలు ముద్ర వేశాను. సమ్మెటన్నని కూడా సాక్షిగా పిలిచారు. వంగలేక వంగి, నా ముద్ర పక్కనే తన ముద్ర వేశాడు. నా మొహం చూడలేదు.

రాత్రి ఎవడో నా దుప్పటి లాక్కున్నాడు. ఉంచుకోమన్నాను.

బావ


ఈలోడి ఇంటి ముందు గది
జులై 23

బావకు,

విచారణ అయిపోయింది. లాయరు లేచి మళ్ళీ రెండు నోళ్ళ మాట ఎత్తాడు. ఇన్‌స్పెక్టరు నీ వాంగ్మూలం చదివాడు. తర్వాత అందరి ముందూ నా చేత మూడుసార్లు కొట్టించాడు: గీత లేకుండా, గీతతో, తర్వాత నీ మారుపేరు తీసేయించి. మూడోసారి గీత లేకుండానే 3.0 అంది. ఇప్పుడు దానికి ఒకటే నోరు. మేనేజర్ని బయటికి తీసుకెళ్తుంటే షాపు వాళ్ళు మీద పడ్డారు, పోలీసులు అడ్డం రాకపోతే రెండో వైపు దవడ కూడా పోయేది. 'తాగి చెయ్యి పెట్టాడు' అన్న లైను కొట్టేశారు. నీ మీద ఇంకో కేసు పెడతారట. నన్ను ఉద్యోగంలోంచి తీశారు.

కళ్ళజోడు కంటికి కట్టుతోనే వచ్చాడు. రిజిస్టర్లో తన సంతకాలన్నీ ఒక్కొక్కటే వేలుతో తడిమి చూసుకున్నాడు. నేను క్షమాపణ చెప్పబోతే, "ఎవరిది వాళ్ళు చెప్పాలమ్మా" అన్నాడు.

అక్క కంచం కడిగింది. బోర్లించలేదు, బీరువాలో పెట్టింది.

ఇప్పుడు నేను ఈలోడి పక్కన కూర్చుని రాస్తున్నాను. రెండు నెలల తర్వాత మొన్ననే నోరు విప్పాడు. ఆ ఫైలు చూపించమన్నాడు, కాగితం మీద రాసి చూపించాను. ఇకపై వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఒక్క ముక్క మార్చడం లేదు:

"ఒరేయ్. మీ మరదలు నీ నాలుగు లైన్లూ చూపించింది. 'కళ్ళజోడు ఇన్‌స్టాల్ కాలేదు' చదివి నవ్వేశాను. రెండు నెలల్లో అదే మొదటి నవ్వు. నా చేతులు పోయినందుకు కాదురా, నన్ను దాని మీద నవ్వించినందుకు నిన్ను చంపెయ్యాలనిపించింది.

అన్న నీ రెండు వేళ్ళు విరిచాడని తెలిసింది. వాడు మెత్తబడ్డాడు.

నువ్వు బయటికొచ్చే రోజు చెప్పు. గేటు దగ్గరుంటాను. కొట్టడానికి చేతుల్లేవని ధైర్యంగా రాకు, కాళ్ళు రెండూ ఉన్నాయి. ముందు కడుపులో తంతాను, తర్వాత వీపు మీద తంతాను. నువ్వు పడిపోయాక ఎవరో ఒకరు లేపాలి కదా, అందుకని మీ మరదల్ని కూడా తీసుకొస్తాను. లేచాక మాట్లాడుకుందాం.

ఈలోగా ఎడమ చేత్తో ఈల వెయ్యడం నేర్చుకో. ఇక మన ఇద్దరిలో ఈల వేసే వేళ్ళున్నది నీకే."